ఫర్నేస్ వెలిగి అయిదారు సెకన్లకే ఆరిపోతోందా? బోర్డు మార్చే ముందు ఇవి చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఇల్లు. బేస్‌మెంట్‌లో గ్యాస్ ఫర్నేస్, తెల్ల పీవీసీ పైపులున్న రకం. థర్మోస్టాట్ 70కి పెడితే లోపల చిన్న ఫ్యాన్ మోగుతుంది, బర్నర్లు వెలుగుతాయి, అయిదారు సెకన్లలో టక్కున ఆరిపోతాయి. మూడుసార్లు ఇలా చేసి మొండికేస్తుంది. స్విచ్ ఆపి వేస్తే మళ్ళీ అదే తంతు. వచ్చిన టెక్నీషియన్ కంట్రోల్ బోర్డు పోయిందన్నాడు, 900 డాలర్లు అడిగాడు. మార్పించాలా?

ఇప్పుడే వద్దు. మీరు చెప్పిన లక్షణాలకు చాలావరకు కారణం ఫ్లేమ్ సెన్సర్ (మంట ఉందో లేదో పసిగట్టే కడ్డీ) మురికి పట్టడం. శుభ్రం చేయడానికి పావుగంట పడుతుంది, ఖర్చేమీ ఉండదు. పాడైపోయి కొత్తది కొన్నా చాలా మోడళ్ళకు బోర్డు ధరలో చిన్న వంతే. బోర్డు అనుమానించాల్సిన వాటిలో ఆఖరిది.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మీరు సెకన్లు లెక్కపెట్టి చెప్పారు కాబట్టి. ఫర్నేస్ ఒక వరసలో పనిచేస్తుంది. ఆ వరసలో ఎక్కడ ఆగిందో చూస్తే ఏ భాగాన్ని పట్టుకోవాలో దాదాపు తెలిసిపోతుంది. మంట వెలిగిందంటే గ్యాస్ వస్తోంది, ఇగ్నైటర్ (మంట అంటించే భాగం) పనిచేస్తోంది, ప్రెషర్ స్విచ్ (చిన్న ఫ్యాన్ పొగని సరిగ్గా లాగుతోందని చెప్పేది) మూసుకుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంది. ఇవన్నీ బాగున్నట్టే. ఆ తర్వాత కొద్ది సెకన్లలో బోర్డు అడిగే ప్రశ్న ఒక్కటే, 'మంట నిజంగా ఉందా?' అని. సెన్సర్ నుంచి జవాబు రాకపోతే గ్యాస్ కట్ చేస్తుంది. కాల్చని గ్యాస్ ఇంట్లో నిండకుండా చూడటం దాని ఉద్యోగం. మీ బోర్డు ఆ ఉద్యోగం సరిగ్గానే చేస్తోంది.

పనిలోకి దిగే ముందు ఒక్క మాట. గ్యాస్ వాసన (కుళ్ళిన కోడిగుడ్ల వాసన) వస్తుంటే ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, అందర్నీ తీసుకుని బయటికొచ్చి అక్కణ్ణుంచి గ్యాస్ కంపెనీకో 911కో ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి తలనొప్పి, వికారం మొదలైనా అదే పని. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అలారం లేకపోతే ముందు అది కొని పడకగదుల దగ్గర పెట్టి, తర్వాత ఫర్నేస్ సంగతి చూడండి.

సెన్సర్ శుభ్రం చేయడం

ఫర్నేస్ పక్క గోడమీదో పైకప్పుకో దానికి వేరే స్విచ్ ఉంటుంది. ఆపండి. థర్మోస్టాట్ ఆపితే చాలదు. తలుపుల్లో పైది (మామూలుగా బేస్‌మెంట్‌లో ఉండే, గాలిని పైకి కొట్టే మోడల్‌లో బర్నర్లు పైన, ఇంట్లోకి గాలి పంపే పెద్ద ఫ్యాన్, అంటే బ్లోయర్, కింద ఉంటాయి) ఊడదీస్తే వరసగా బర్నర్లు కనిపిస్తాయి. ఒక చివర ఇగ్నైటర్, సాధారణంగా రెండో చివర సెన్సర్. సెన్సర్ అంటే తెల్ల పింగాణీ ముక్కలోంచి బయటికొచ్చిన పెన్సిల్ కంటే సన్నటి లోహపు కడ్డీ, కొన్నిట్లో వంగి ఉంటుంది. దానికి ఒకే ఒక్క వైరు. ఇగ్నైటర్‌కి రెండు వైర్లుంటాయి, కాబట్టి పొరపాటు పడే అవకాశం తక్కువ. అయినా ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

వైరు క్లిప్ లాగండి. సెన్సర్‌ని పట్టుకుని ఒకే స్క్రూ ఉంటుంది, చాలావరకు పావు అంగుళం హెక్స్. అది తిప్పి కడ్డీని మెల్లగా బయటికి తీయండి. చూడ్డానికి అది శుభ్రంగానే ఉన్నట్టు అనిపించవచ్చు, మోసపోవద్దు. దానిమీద పేరుకునేది మసి మాత్రమే కాదు. గాలిలోని దుమ్ము, డ్రైవాల్ పొడి, సిలికోన్ ఉన్న స్ప్రేల ఆవిరి మంటలో కాలి, గాజులాంటి సిలికా పొరగా అంటుకుంటుంది. కంటికి ఆనదు, కరెంటుని మాత్రం ఆపేస్తుంది. బేస్‌మెంట్ ఫినిష్ చేయించుకున్న ఏడాదే చాలా ఇళ్ళలో ఈ ఫిర్యాదు మొదలవడానికి కారణం ఇదే.

సన్న రకం స్టీల్ ఊల్‌తో గానీ, గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ కొత్త ముక్కతో గానీ కడ్డీ చుట్టూ మెరుపు వచ్చేదాకా రుద్దండి. గరుకు ఇసుక కాగితం వద్దు, గీతలు పడి ఆ గీతల్లో మళ్ళీ తొందరగా పేరుకుంటుంది. రుద్దాక పొడి కాగితంతో తుడిచేయండి, స్టీల్ ఊల్ పీచు పింగాణీ మీద ఒక్కటి కూడా మిగలకూడదు. వేలితో కడ్డీని ముట్టకండి. పింగాణీలో సన్నటి పగులేమైనా ఉందేమో టార్చి వేసి చూడండి, ఉంటే శుభ్రం చేసి లాభం లేదు, కొత్తది వేయాలి. తిరిగి బిగించేటప్పుడు స్క్రూ గట్టిగా పట్టాలి కానీ బలం కొద్దీ కాదు. వైరు క్లిప్ మళ్ళీ తగిలించండి. ఇగ్నైటర్‌కి చెయ్యి తగలనివ్వకండి, అది పెళుసు.

పవర్ ఇచ్చి, తలుపు సరిగ్గా మూసి థర్మోస్టాట్ పెంచండి. తలుపులు సరిగ్గా మూయకపోతే చాలా మోడళ్ళలో డోర్ స్విచ్ నొక్కుకోదు, ఫర్నేస్ చచ్చినట్టు పడి ఉంటుంది. ఈసారి మంట నిలిచి, అర నిమిషం ముప్పావు నిమిషంలో పెద్ద బ్లోయర్ మొదలైతే పని అయిపోయినట్టే.

శుభ్రం చేసినా అలాగే ఆరిపోతుంటే

ఇక్కడ సెన్సర్ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. బోర్డు ఆ కడ్డీకి ఏసీ వోల్టేజ్ పంపుతుంది (అందుకే పవర్ ఉండగా దాన్ని ముట్టుకోకూడదు). మంటలో అయాన్లు ఉంటాయి కాబట్టి మంట గుండా కరెంటు పారుతుంది. కడ్డీ చిన్నది, బర్నర్ లోహం పెద్దది. అందువల్ల కరెంటు ఒక వైపుకే ఎక్కువగా పారి, ఏసీ కాస్తా చిన్న డీసీ అవుతుంది. బోర్డు వెతికేది ఆ డీసీనే. అది మైక్రోఆంపుల్లో (ఆంపులో పది లక్షో వంతు) ఉంటుంది. మంచి స్థితిలో మోడల్‌ని బట్టి 2 నుంచి 6 దాకా చూస్తాం. 1 కంటే తగ్గితే అనుమానించాలి. కొన్ని బోర్డులు 0.5 దగ్గర చేతులెత్తేస్తాయి.

ఈ కరెంటు తిరిగి వచ్చే దారి బర్నర్, ఫర్నేస్ బాడీ, గ్రౌండ్ వైరు. కాబట్టి సెన్సర్ తళతళలాడుతున్నా ఆ దారి బాగాలేకపోతే ఫలితం ఒకటే. బోర్డు నుంచి ఫర్నేస్ బాడీకి వెళ్ళే ఆకుపచ్చ వైరు స్క్రూ వదులైందా, బర్నర్లు బిగించిన చోట తుప్పు పట్టిందా చూడండి. ఫర్నేస్‌కి వచ్చే 120 వోల్టుల లైన్‌లో హాట్ (ఫేజ్), న్యూట్రల్ వైర్లు తారుమారైనా చాలా బోర్డులు మంటని గుర్తించవు. జనరేటర్‌కి కలిపినప్పుడు మాత్రమే ఇలా ఆరిపోతుంటే, ఆ జనరేటర్‌లో న్యూట్రల్ గ్రౌండ్‌కి కలిసి లేదేమో చూడాలి. ఎలక్ట్రిక్ పని కొత్తగా చేయించుకున్న ఇళ్ళలో ఆ హాట్, న్యూట్రల్ తారుమారు సంగతి మరిచిపోవద్దు.

ఇంకొకటి మంటని కళ్ళతో చూడటం. చాలా ఫర్నేసుల్లో చిన్న కిటికీ ఉంటుంది. ఇగ్నైటర్ ఒక చివర వెలిగిస్తే మంట పక్క బర్నర్‌కి, దాని పక్కదానికి పాకుతూ రెండో చివర సెన్సర్ దాకా చేరాలి. మధ్యలో బర్నర్ల సందులు తుప్పుతోనో సాలెగూడుతోనో మూసుకుపోతే చివరి బర్నర్ వెలగదు, లేదా ఆలస్యంగా 'ఢబ్' మని వెలుగుతుంది. సెన్సర్ అబద్ధం చెప్పలేదు, అక్కడ మంట లేదంతే. ఆ చప్పుడు వింటే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించకండి, బర్నర్లు విప్పి శుభ్రం చేయించాలి. మంట పసుపుగా, బలహీనంగా, కడ్డీకి అందకుండా ఉంటే గ్యాస్ ఒత్తిడి కొలవాలి. సహజ వాయువుకి మానిఫోల్డ్ (బర్నర్లకి గ్యాస్ పంచే గొట్టం) దగ్గర సాధారణంగా 3.5 అంగుళాల నీటిమట్టం (గ్యాస్ ఒత్తిడిని ఇలా కొలుస్తారు) ఉండాలి, ప్రొపేన్‌కి 10 లేదా 11. మానోమీటర్ (ఒత్తిడి కొలిచే మీటర్) లేకుండా వాల్వ్ మీది స్క్రూ తిప్పడం ఎవరికీ చెప్పను.

ఫర్నేస్ ఇంకో దశలో ఆగితే

మీది సెన్సర్ బాపతే అనుకుంటున్నా, ఇదే చలికాలంలో ఇంకో రకంగా ఆగితే గుర్తుపట్టడానికి వరసంతా చెప్తాను. థర్మోస్టాట్ 24 వోల్టులు పంపుతుంది. బోర్డు మొదట లిమిట్ స్విచ్చులు (వేడి మితిమీరితే ఆపేసేవి) మూసి ఉన్నాయా, ప్రెషర్ స్విచ్ తెరిచి ఉందా చూసుకుని, పొగ బయటికి నెట్టే చిన్న ఫ్యాన్ (ఇండ్యూసర్) వేస్తుంది. ఆ లాగుడుకి ప్రెషర్ స్విచ్ మూసుకుంటుంది. ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది, గ్యాస్ వాల్వ్ 'టిక్' మంటుంది, మంట, సెన్సర్, ఆ తర్వాత బ్లోయర్.

ఏమీ కదలడం లేదు: థర్మోస్టాట్ బ్యాటరీలు, బ్రేకర్, డోర్ స్విచ్, బోర్డు మీద ఫ్యూజ్ అన్న వరసలో చూడండి. ఆ ఫ్యూజ్ కార్లలో ఉండేదే, ఊదారంగుది 3 ఆంపులు, లేత గోధుమరంగుది 5. కొత్తది వేస్తే మళ్ళీ పోతుంటే ఎక్కడో వైరు షార్ట్, తరచుగా బయటి ఏసీ యూనిట్‌కి వెళ్ళే సన్న కేబుల్ గడ్డి కోసే మెషీన్‌కి తెగిందో ఎలుకలు కొరికాయో. అలాగని పెద్ద ఫ్యూజ్ వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. నీళ్ళు తోడే చిన్న కండెన్సేట్ పంప్ ఉన్న ఇళ్ళలో ఇంకో మర్మం ఉంది: పంప్ పాడై డబ్బా నిండితే అందులోని ఫ్లోట్ స్విచ్ 24 వోల్టుల్ని కట్ చేసేలా వైరింగ్ చేసి ఉంటారు. ఫర్నేస్‌లో లోపమేమీ ఉండదు, డబ్బా ఖాళీ చేస్తే లేచి కూర్చుంటుంది.

ఇండ్యూసర్ తిరుగుతూనే ఉంది, ఇగ్నైటర్ వెలగదు: మీ ఇంట్లో ఉన్న పీవీసీ పైపుల రకానికి ఫ్లేమ్ సెన్సర్ తర్వాత అతి ఎక్కువగా వచ్చే తగాదా ఇది. ముందు కోటేసుకుని బయటికెళ్ళండి. గోడలోంచి బయటికొచ్చిన రెండు తెల్ల పైపుల మూతులు మంచుతో కప్పుకుపోయాయా, లోపల ఆకులో పక్షి గూడో ఉందా చూడండి. మంచు తుఫాను మర్నాడు ఉదయం వచ్చే ఫోన్లలో చాలావాటికి మందు పార మాత్రమే.

అవి బాగుంటే నీళ్ళ సంగతి. ఈ రకం ఫర్నేసులు పొగలోని వేడిని కూడా పిండుకోవడంతో ఆవిరి నీరై కారుతుంది. గడ్డకట్టే చలి రోజున అది గ్యాలన్ల లెక్కన వస్తుంది, ఆమ్లగుణం ఉంటుంది. ట్రాప్‌లో (ఆ నీరు బయటికి పోయే చిన్న డబ్బాలో) జిగురులా పాకుడు పట్టి ఆ నీరు పోకపోతే లోపలే నిలిచి, ఇండ్యూసర్ లాగుడు ప్రెషర్ స్విచ్ దాకా చేరదు. లోపల గళగళమని చప్పుడొస్తే ఇదే. ట్రాప్ విప్పి వేడినీళ్ళతో కడిగి, తిరిగి పెట్టే ముందు దాన్నిండా నీళ్ళు పోయండి, ఖాళీ ట్రాప్‌లోంచి గాలి పీల్చుకుంటుంది. స్విచ్‌కి వెళ్ళే సన్న రబ్బరు గొట్టం ఊడదీసి నీళ్ళున్నాయా, పగిలిందా చూడండి. ఆ గొట్టం తగిలించే మొన రంధ్రంలోని చెత్తని సన్న తీగతో తీయండి. స్విచ్‌లోకి నోటితో ఊదకండి, లోపలి పొర చిరుగుతుంది.

మల్టీమీటర్ ఉంటే, ఇండ్యూసర్ తిరుగుతుండగా స్విచ్ రెండు టెర్మినళ్ళ మధ్య ఏసీ వోల్టేజ్ చూడండి. 24 చూపిస్తే తెరిచి ఉంది, సున్నా చూపిస్తే మూసుకుంది. తెరిచి ఉన్నంత మాత్రాన స్విచ్ పాడైనట్టు కాదు, లాగుడు చాలట్లేదని చెబుతోంది. యూట్యూబ్ చూసి దాన్ని వైరుతో కలిపేసేవాళ్ళున్నారు. అది ప్రమాదం, పైగా పనికిరాదు: ముందే మూసి ఉన్న స్విచ్‌ని చూస్తే చాలా బోర్డులు ఇండ్యూసర్‌నే వేయవు.

ఇగ్నైటర్ కాలాల్సిన చోట చీకటి: పవర్ ఆపి, ప్లగ్ ఊడదీసి మల్టీమీటర్‌తో ఓమ్స్ (నిరోధం) చూడండి. బూడిదరంగు సిలికాన్ కార్బైడ్ రకం చల్లగా ఉన్నప్పుడు సుమారు 40 నుంచి 90 మధ్య చూపిస్తుంది. కొత్త సిలికాన్ నైట్రైడ్ రకాలు కొన్ని 11 నుంచి 18 ఓమ్స్ ఉంటాయి. ఏమీ చూపించకపోతే విరిగినట్టే. కొత్తది పెట్టేటప్పుడు పట్టుకోవాల్సింది పింగాణీ దగ్గర, కాలే భాగం దగ్గర కాదు.

మంట నిలుస్తుంది, కొన్ని నిమిషాలకి ఆరిపోయి బ్లోయర్ మాత్రం తిరుగుతుంది: లిమిట్ స్విచ్. లోపల వేడి మితిమీరింది, అంటే గాలి చాలట్లేదు. ఫిల్టర్ తీసి వెలుతురుకి ఎదురు పట్టండి, వెలుతురు అటునుంచి రాకపోతే జవాబు దొరికినట్టే. మన ఇళ్ళలో రోజూ తాళింపులు, వేపుళ్ళు. ఆ నూనె ఆవిరి దుమ్ముతో కలిసి ఫిల్టర్‌ని తొందరగా అట్టకట్టిస్తుంది. ఒక అంగుళం ఫిల్టర్ అయితే మూడు నెలలని ప్యాకెట్ మీద రాసినా నెలకోసారి తీసి చూడండి. ఒక అంగుళం మందంలో మెర్వ్ 13 (మరీ సన్న దుమ్మునీ పట్టే రకం) వేయడం చాలా సిస్టమ్‌లకి బరువే. వాడని గదుల్లో రిజిస్టర్లు (వేడి గాలి వచ్చే జాలీలు) మూస్తే గ్యాస్ ఆదా అని, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఒకటొకటే మూసేస్తుంటారు. ఆదా కాదు సరికదా, ఫర్నేస్ ఇలా ఉడికిపోతుంది. అన్నీ తెరవండి.

బ్లోయర్ మొదలైన క్షణమే మంట ఊగి పక్కకి వాలుతుందా? అదొక్కటీ చాలా సీరియస్. మామూలుగా బ్లోయర్ గాలికీ మంటకీ సంబంధం ఉండకూడదు, మధ్యలో హీట్ ఎక్స్ఛేంజర్ గోడ ఉంది. మంట వాలిందంటే ఆ గోడ పగిలి ఉండవచ్చు, పొగ ఇంటి గాలిలో కలవవచ్చు. వెంటనే ఆపేసి పరీక్ష చేయించండి. బర్నర్ల దగ్గర చిన్న బొత్తం ఉన్న రోలవుట్ స్విచ్ ఎగిరినా అంతే. అది నొక్కితే ఫర్నేస్ మళ్ళీ నడుస్తుంది నిజమే, కానీ మంట బయటికి ఎందుకొచ్చిందో తెలియకుండా నొక్కకూడదు.

ఇవన్నీ చూసే ముందు బోర్డు మీద మెరిసే చిన్న లైటు లెక్కపెట్టుకోండి, పవర్ ఆపితే కొన్ని మోడళ్ళలో కోడ్ చెరిగిపోతుంది. కోడ్ల పట్టిక తలుపు లోపలివైపు అంటించి ఉంటుంది. కంపెనీ కంపెనీకి వేరు, అందుకే ఇంటర్నెట్‌లో దొరికిన వేరే మోడల్ పట్టికతో పోల్చకండి. ఉదాహరణకి క్యారియర్ కుటుంబంలోని చాలా మోడళ్ళలో 34 అంటే మంట నిరూపణ కాలేదని, 33 లిమిట్ సర్క్యూట్, 31 ప్రెషర్ స్విచ్. మూడు నాలుగు ప్రయత్నాల తర్వాత వచ్చే లాకవుట్ (బోర్డు మొండికేయడం) మోడల్‌ని బట్టి ఒకటి నుంచి మూడు గంటల్లో దానంతటదే విడిపోతుంది. రాత్రి ఆగిపోయి తెల్లారేసరికి కాసేపు నడిచిందంటే వింత కాదు.

ఇక ఆ 900 డాలర్ల బోర్డు

బోర్డు పోవడం ఉండదని కాదు. కానీ దానికి రుజువు ఉంటుంది. టెక్నీషియన్‌ని ఒక్క మాట అడగండి: 'సెన్సర్ దగ్గర ఎన్ని మైక్రోఆంపులు వచ్చాయి?' మీటర్‌ని డీసీ మైక్రోఆంప్ స్కేల్ మీద పెట్టి సెన్సర్ వైరుకి వరసలో కలిపితే మంట ఉన్న ఆ కొద్ది సెకన్లలోనే అంకె తెలుస్తుంది. 3 మైక్రోఆంపులు నిలకడగా వస్తున్నా, గ్రౌండ్ బాగున్నా బోర్డు గ్యాస్ కట్ చేస్తోందంటే బోర్డు దోషమే, మార్పించండి. అర మైక్రోఆంప్ వస్తుంటే బోర్డు మార్చినా మళ్ళీ ఆరిపోతుంది. కొలవనేలేదంటే ఆయన ఊహించాడన్నమాట. ఇగ్నైటర్ విషయంలోనూ అంతే: ఇగ్నైటర్ ఓమ్స్ బాగుండి, కాలాల్సిన సమయంలో ప్లగ్ దగ్గర రావాల్సిన వోల్టేజ్ (చాలా మోడళ్ళలో 120) రాకపోతేనే బోర్డు మీదికి వెళ్ళాలి.

నిజంగా మార్చాల్సి వస్తే డబ్బు కట్టే ముందు నేమ్‌ప్లేట్ మీది మోడల్, సీరియల్ నంబర్లతో తయారీదారు సైట్‌లో వారంటీ చూడండి. కొన్న కొత్తలో రిజిస్టర్ చేసి ఉంటే చాలా కంపెనీలు విడిభాగాలకి 10 ఏళ్ళు ఇస్తాయి, చేయకపోతే సాధారణంగా 5. ఇల్లు చేతులు మారితే షరతులు మారవచ్చు, అది కూడా చదవండి. వారంటీలో ఉంటే మీరు కట్టాల్సింది కూలీ మాత్రమే, అప్పుడు ఆ 900లో భాగం ఖరీదు ఎంతో విడదీసి రాసివ్వమనండి. పాత బోర్డు మీది పార్ట్ నంబర్ ఫోటో కూడా తీసి ఉంచుకోండి, రెండో చోట ధర కనుక్కోవడానికి అదొక్కటే కావాలి.